నీళ్ల ట్యాంకు కాళ్ల మధ్య నుంచి

నేను ఒక్కసారి కూడా కాలుపెట్టని ఊరు ఒకటుంది. ఆ ఊళ్లో నన్ను కళ్లకు గంతలు కట్టి వదిలేసినా దారి తప్పకుండా వచ్చేస్తాను. అమెరికాలో ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న టౌను. టౌను అని వాళ్లు రాసుకున్నారు గానీ, మా లెక్కలో పల్లెటూరే. మా గుడివాడలో ఒక వార్డులో ఉన్నన్ని ఇళ్లు కూడా ఉండవు. పేరు బయటపెట్టకూడదని మా ఆఫీసు వాళ్లు సంతకం చేయించుకున్నారు కాబట్టి చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు.

నా ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే చెప్పడం చేతగాక చస్తుంటాను. గుడివాడలో మందుల షాపు మీద రెండో అంతస్తులో మా ఆఫీసు. అమెరికా ఊళ్ల మ్యాపులు సరిచేసే పని. ఆకాశం నుంచి తీసిన ఫొటోలూ, రోడ్ల మీద కారులో తిరుగుతూ తీసిన ఫొటోలూ ఇస్తారు. పాతవీ ఉంటాయి, కొత్తవీ ఉంటాయి. మ్యాపులో కోర్టు అని రాసి ఉంటే, ఆ కోర్టు నిజంగా అక్కడ ఉందో లేదో ఫొటోలో చూసి చెప్పాలి. తెర మీద మూడు బటన్లుంటాయి. ఉంది. లేదు. ఖాయం కాదు. ఈ మూడోది మాటిమాటికీ నొక్కేవాళ్లు పనికిరారని లెక్క. నలభై దాటాక దొరికిన ఉద్యోగం నాది. పక్క సీట్లలో అందరూ నిన్నగాక మొన్న డిగ్రీ అయిన పిల్లలు. "ఆంటీ, ఇది చర్చా స్కూలా?" అని అడుగుతారు. ఆ ఆంటీ అన్న మాటకి ఒళ్లు మండుతుంది. అయినా చర్చేదో స్కూలేదో చెప్పేస్తాను.

వారంలో మూడు రోజులు ఇంట్లోంచే పని. ఆ మూడు రోజులూ అమ్మ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. తోటకూర ఒలుచుకుంటూనో, చింతపండు గింజలు తీసుకుంటూనో, కళ్లు మాత్రం తెర మీద పెడుతుంది. కొన్నాళ్లకి ఆ ఊరు ఆవిడకి కూడా అలవాటైపోయింది. పొద్దున కాఫీ తాగుతూ, "ఇవాళ ఆ ఊరెళ్తున్నావా, ఇంకో ఊరా?" అని అడుగుతుంది. పక్కింటావిడ వింటే ఏమనుకుంటుందో అని నా భయం.

ఆ ఊరికి నాలుగైదు గుర్తులున్నాయి. ఊరి నడుమ ఎర్ర ఇటుకల కోర్టు, దాని నెత్తిన గడియారం. ఏ సంవత్సరం ఫొటో తీసినా అందులో నాలుగుంపావే. కోర్టు ఎదురుగా ఒక మేడ మీద రాతిలో బ్యాంకు అని చెక్కి ఉంటుంది, కింద అద్దాల్లోంచి చూస్తే క్షవరం కుర్చీలు కనిపిస్తాయి. రైలు పట్టాలున్నాయి, స్టేషన్ లేదు. పట్టాల పక్కన ధాన్యం దాచే రేకు గొట్టాలు, మన రైసుమిల్లుల కంటే ఎత్తు. ఊరి మొదట్లో లారీ అంత చేప బొమ్మ, నోరు తెరుచుకుని. చుట్టుపక్కల ఎక్కడా సముద్రం లేదు.

అమ్మ ఆ బొమ్మ చూసిన రోజున చేతిలో తోటకూర కింద పడేసుకుని నవ్వింది. "ఓసినీ! జెల్లేగా ఇది! ఆ మీసాలు చూడు. జెల్లకి గుడి కట్టారంటే వీళ్లు పండుగప్ప లాంటి మంచి చేప ఎన్నడూ తిన్నట్టు లేదు పాపం."

రోడ్ల మీద మనుషులు కనపడకపోవడం మాత్రం ఆవిడకి ఎంతకీ మింగుడుపడలేదు. "అందరూ ఏమైపోయారే? ఏదన్నా గొడవలా?" అని అడుగుతుంది. లేదమ్మా, కార్లలో తిరుగుతారు అంటే, "అయితే బయట ఎవరు కూర్చుంటారు?" అంటుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. మా అమ్మా నాన్నలది దివిసీమలో సముద్రం ఒడ్డు ఊరు. అవనిగడ్డ, నాగాయలంక దాటి ఇంకా వెళ్లాలి. నాన్న సముద్రం మీద వేటకి వెళ్లేవాడు, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మేది. మా ఊళ్లో ఇప్పటికీ ఆటో వాడికి "ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆపు" అంటాం. ఐసు ఫ్యాక్టరీ పోయి ఎన్నో ఏళ్లయింది. గోడ కాదు కదా, ఇటుక ముక్క కూడా లేదక్కడ. అయినా అందరం అక్కడే దిగుతాం. ఎవ్వరం తప్పిపోలేదు. ఆ అలవాటు ఒంట్లో ఉన్నదాన్ని అమెరికా ఊరి మీదకి వదిలితే ఏం చేస్తాను? క్షవరం షాపు మీద బ్యాంకు అని చూసి, "బ్యాంకు ఉంది" అని నొక్కేశాను. అది తప్పని వెనక్కి వచ్చింది. సరే, పోనీ.

తర్వాత నీళ్ల టవరు వచ్చింది. పాత ఫొటోలో నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ట్యాంకు, దాని పొట్ట మీద ఊరి పేరు. కొత్త ఫొటోలో ఒంటి కాలి మీద పెద్ద గుండు, దాని మీదా ఊరి పేరే. రెండూ ఒకటేనని నొక్కాను. మా మేడం నన్ను పిలిచింది. వయసులో నాకంటే పదిహేనేళ్లు చిన్న, ఓర్పులో పదిహేనేళ్లు పెద్ద.

"పాతది పట్టాలకి ఇవతలుందండీ. కొత్తది అవతలుంది. మీరు ఒకటే అని పెట్టారేంటండీ?"

"పాతది పాడైతే తీసేసి కొత్తది కట్టుకున్నారు మేడం. ఎక్కడ కట్టుకున్నా ఊరి ట్యాంకు ఊరి ట్యాంకేగా?"

"మ్యాపుకి ఊరి ట్యాంకు అక్కర్లేదండీ, అదెక్కడుందో కావాలి. పాతది లేదు. కొత్తది ఉంది. అవి రెండూ వేరు."

నీళ్లిచ్చేది ఒకటైతే వేరెలా అవుతాయని నా మనసులో మండిపోయింది. పైకి "సరేనండీ" అని వచ్చి కూర్చున్నాను. ఆ మాట మూడు వారాల తర్వాత నా కొంప మీదకి వస్తుందని నాకేం తెలుసు?

ఆ వారంలోనే ఆ ఊరి శ్మశానం వచ్చింది. శ్మశానం అంటే మనకి తోచేట్టు కాదు. చిన్న మెట్ట మీద గడ్డి నున్నగా కోసి, వరసగా రాళ్లు. ప్రతి రాయి మీదా పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. బందరులో డచ్చివాళ్ల సమాధులు చిన్నప్పుడు చూశాను, ఎప్పటివో, అక్షరాలు ఇంకా చెదరలేదు. అలాంటివే. పోయినవాళ్లకి ఇంత చిరునామా ఏమిటా అనిపించింది నాకు. ఒక వరసలో రాళ్లు మాత్రం పొట్టిగా ఉన్నాయి. వాటి మీద ఏదో బొమ్మ.

అమ్మ కుర్చీ ముందుకి జరిగింది. "అదేంటే, మేకపిల్లా?"

"గొర్రెపిల్లమ్మా. చిన్నపిల్లల సమాధులట. పసివాళ్లకి అలా చెక్కుతారట."

నేను ఉంది, ఉంది, ఉంది అని నొక్కుకుంటూ వెళ్లిపోయాను. కాసేపటికి చూస్తే ఆవిడ ఒళ్లో తోటకూర అలాగే ఉంది. "ఆ వరస ఇంకోసారి చూపించు" అంది. చూపించాను. "ఇంకొంచెం దగ్గరికి" అంది. దగ్గరికి తెచ్చాను. తెర మీద చెయ్యి పెట్టి ఆ రాయిని తడిమింది. తెర మీద తోటకూర తడి అంటుకుంది. మామూలుగా అయితే కసిరేదాన్ని.

"మీ అక్కకి ఒక రాయి వేయించు" అంది.

నాకంటే ముందు అమ్మకి ఒక ఆడపిల్ల. నేను చూడలేదు, నేనింకా పుట్టలేదు. ఉప్పెన వచ్చిన మరుసటి కార్తీకంలో, పదకొండు నెలల పిల్ల, వాంతులూ విరేచనాలూ పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. నాగుల చవితి రోజు. పసిపిల్లల్ని మావాళ్లు కాల్చరు, పూడ్చిపెడతారు. రాయి పెట్టరు, పేరు రాయరు. పూడ్చిన చోటికి తల్లిని రానివ్వరు కూడా. ఉప్పెన తర్వాత మావాళ్లకి కట్టిన కాలనీలో ఆ యేడు చాలామంది పిల్లలు పోయారట. అందర్నీ మురుగుకాల్వ గట్టు పక్క ఇసక మెరకలోనే పెట్టారు.

అమ్మ నెల రోజులు అన్నం ముట్టలేదట. చోటు చూపిస్తే తప్ప తిననని కూర్చుంటే నాన్న తీసుకెళ్లాడు. తీసుకెళ్లి ఆవిడకి సముద్రం మీద పద్ధతి నేర్పాడు. నీళ్ల మీద రాయి పాతలేం కదా. మంచి చేప పడ్డ చోటు మళ్లీ దొరకాలంటే పడవలో నిలబడి ఒడ్డు వైపు చూస్తారు. దూరంగా ఉన్న గుర్తు ఒకటి, దగ్గరగా ఉన్నది ఒకటి, ఒకదాని వెనక ఒకటి వచ్చేదాకా పడవ జరుపుతారు. ఇంకో వైపు కూడా అలాగే ఒక జత చూసుకుంటారు. రెండు జతలూ ఒకేసారి కుదిరిన చోటే ఆ చోటు. అడుగు అటూ ఇటూ కాదు.

మా అక్క గుర్తులు నాకు చిన్నప్పటి నుంచీ నోటికొచ్చు. లైటుహౌసు తుఫాను షెల్టరు మూలకి ఆనాలి. గుడి శిఖరం నీళ్ల ట్యాంకు కాళ్ల మధ్య నుంచి కనపడాలి. ఏటా నాగుల చవితి నాడు ఊరందరూ పుట్టలో పాలు పొయ్యడానికి పోతే, మా అమ్మ చెంబుడు పాలు పట్టుకుని గట్టు మీదకి పోయేది. ఒక కన్ను మూసుకుని, ఒక అడుగు ముందుకేసి, అరడుగు వెనక్కి వేసి, "ఇదుగో" అని వంగేది. నాకేమో పుట్ట దగ్గర చిమ్మిలి, చలిమిడి అయిపోతాయేమోనని ఏడుపు. చూడని అక్క మీద నాకు ప్రేమేం ఉంటుంది? నిజం చెప్పాలంటే కోపంగానే ఉండేది.

నాన్న జబ్బుపడి మేం బందరులో అద్దెకున్న మూడేళ్లు తప్ప అమ్మ ఏ యేడూ మానలేదు. నాన్న పోయాక గుడివాడ నా దగ్గరికి వచ్చినా, ఆ ఒక్క రోజుకి బస్సులు మారి వెళ్లాల్సిందే. ఇప్పుడు మోకాళ్లు పోయాయి. "వచ్చే యేటికి నేను రాలేనేమో. రాయుంటే నువ్వన్నా చూసుకుంటావు. లేకపోతే నాతోనే పోతుందే ఆ చోటు" అంది.

బందరు వెళ్లి శిలాఫలకాలు చెక్కే ఆయన దగ్గర జానెడున్నర నల్లరాయి చేయించాను. గొర్రెపిల్ల మనకెందుకు, చేప చెక్కించమంది అమ్మ. ఆయన చెక్కిన చేపని ఫొటో తీసి రైల్లోంచి పంపితే, అమ్మ ఫోన్ చేసి, "ఇదే చేపే? దీనికి రెక్కలెక్కడున్నాయసలు?" అని సణిగింది. రాయి మాత్రం పాత చీరలో చుట్టి తన మంచం కిందే పెట్టుకుంది.

నాగుల చవితి ఇంకా వారం ఉందనగా నాకొక తెలివి పుట్టింది. మోకాళ్లతో ఆవిడ ఆ ఇసకలో ముందుకీ వెనక్కీ ఎక్కడ తిరుగుతుంది, ఆకాశం ఫొటోలో ముందే గీతలు గీసి చోటు పట్టేస్తే ఫోను చూసుకుంటూ నేరుగా వెళ్లిపోవచ్చు కదా అనుకున్నాను. రోజూ అమెరికాకి చేసే పని ఒక్కరోజు మా ఊరికి చెయ్యలేనా? పెద్ద పనిమంతురాలిలా కూర్చున్నాను. మా ఊరి కొత్త ఫొటో తెరిచాను. లైటుహౌసు నుంచి షెల్టరు మూల మీదుగా ఒక గీత. గుడి నుంచి ట్యాంకు మీదుగా ఒక గీత. రెండూ గట్టు పక్కన కలిశాయి. భలే అనుకున్నాను. అలవాటు ప్రకారం పాత ఫొటో కూడా తెరిచాను.

పాత ఫొటోలో ట్యాంకు అక్కడ లేదు.

ఇంకో చోటుంది. రోడ్డుకి ఇవతల. దాని నాలుగు కాళ్ల నీడ నేల మీద పొడుగ్గా పడింది. కొత్త ట్యాంకు ఉన్న చోట పాత ఫొటోలో ఏముందంటే, ఖాళీ స్థలం, రెండు గేదెలు. ఏడాది ఏడాదీ తిప్పి చూశాను. మేం బందరులో ఉన్న మూడేళ్లలోనే పాతది పోయింది, కొత్తది లేచింది. ట్యాంకు కొత్తగా కట్టారని అమ్మకి తెలుసు. "పాతది తీసేసి పెద్దది కట్టారే" అని నాతో అన్నది కూడా. అదే చోట కట్టారనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను అమెరికాలో అనుకోలేదూ? ట్యాంకు ట్యాంకే అనుకోవడం మా ఇంటి జబ్బు అన్నమాట.

పాత ట్యాంకు మీదుగా గీత గీస్తే, అది ముందు గీతలు కలిసిన చోటికి దాదాపు నలభై అంగల అవతల కలిసింది. అంటే బందరు నుంచి తిరిగొచ్చినప్పటి నుంచీ అమ్మ తప్పు చోట పాలు పోస్తోంది.

నా గీతలు తప్పేమో అనుకుని మళ్లీ గీశాను. ఫొటో వంకరేమో అనుకున్నాను. చిన్నప్పుడు అమ్మ నిలబడ్డ చోటు నాకు గుర్తుందేమోనని కళ్లు మూసుకున్నాను. గుర్తొచ్చిందల్లా చలిమిడి. ఆఖరికి మా ఊళ్లో ట్యాంకు వాల్వు తిప్పే ఆయనకి ఫోన్ చేశాను. మాకు వరసేం లేదు, ఊరంతా మావయ్యా అని పిలుస్తారు, నేనూ అంతే.

"పాత ట్యాంకా? ఇప్పుడు సెల్ టవరు ఉందే అమ్మాయ్, అక్కడుండేది. కొత్తదానికి స్థలం చాల్లేదని ఇటు జరిపి కట్టారు. ఏం, మీ ఆఫీసుకా?"

"ఆఁ, ఆఫీసుకే మావయ్యా" అన్నాను. ఎందుకు అబద్ధం చెప్పానో నాకే తెలియదు.

ఆ వారం నేను ఏం తిన్నానో ఏం వండానో గుర్తులేదు. ఆఫీసులో చర్చిని స్కూలని నొక్కాను. చెప్పాలా వద్దా? చెప్తే ఆవిడ గుండె ఆగిపోతుందేమో. ఇన్నేళ్లు పోసిన పాలన్నీ నేలపాలని చెప్పడమే కదా! చెప్పకపోతే ఆ రాయి లేనిచోట పాతి వస్తాం, పేరు చెక్కి మరీ. రేపు నేను చేప బొమ్మ చూసి దణ్ణం పెట్టాల్సింది అక్కడ. ఆవిడ మనసు చల్లబడితే చాలదా, మట్టి ఎక్కడైతే ఏం, అని ఒకసారి అనిపించేది. వెంటనే మా మేడం గొంతు వినపడేది: అవి రెండూ వేరు. నాకు చిర్రెత్తుకొచ్చేది. నా జీవితంలో ఎప్పుడూ లేనంతగా ఆ మూడో బటన్ కావాలనిపించింది. మా ఇంట్లో అది లేదు.

చవితి రోజు పొద్దున్నే బయల్దేరాం. పామర్రులో బస్సు మారాం. కూచిపూడి దాటాక అమ్మ ఒళ్లో రాయి పెట్టుకునే కునికింది. బస్సు నిండా ఆడవాళ్లు, చేతుల్లో పాలచెంబులు, చిమ్మిలి డబ్బాలు. చెప్పేద్దామని చల్లపల్లిలో ఒకసారి నోరు తెరిచాను. "నీళ్లు తాగుతావా?" అని అడిగి ఊరుకున్నాను. అవనిగడ్డలో ఆటో ఎక్కాక మళ్లీ తెరిచాను. ఆటో వాడు పాటలు పెట్టాడు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర దిగాం.

గునపం పట్టుకుని మావయ్య గట్టు దగ్గరే ఉన్నాడు, ముందు రోజు అమ్మ చెప్పి ఉంచిందట. అమ్మ నా భుజం పట్టుకుని ఇసకలోకి దిగింది. తర్వాత నన్ను వదిలేసింది. ఒక కన్ను మూసింది. మోకాళ్ల నొప్పికి పళ్లు బిగబట్టి ఒక అడుగు ముందుకి, అరడుగు వెనక్కి. అచ్చం నా చిన్నప్పటిలాగే. "ఇదుగో. ఇక్కడ తవ్వు తమ్ముడూ" అంది.

మావయ్య గునపం ఎత్తాడు.

"ఆగు మావయ్యా!" అన్నాను. గట్టిగా అరిచానేమో, ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "అమ్మా, అది కాదే. ఆ చోటు కాదు. ట్యాంకు మారిందే."

"మారితే? కొత్తది కట్టారు. నాకు తెలీదా?"

"చోటు మారిందమ్మా. పాతది ఉండేది ఆ చోట కాదు."

"నీ మొహం! నీ అమెరికా ట్యాంకుల గోల ఇక్కడికి తేకు. కన్నదాన్ని నేను. నాకు తెలియదా నా బిడ్డ ఎక్కడుందో?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అరిచాను. "మావయ్యని అడుగు! నా మాట నమ్మకపోతే మానెయ్, ఆయన్ని అడుగు!"

అమ్మ మావయ్య వైపు తిరిగింది. పాపం ఆయనకి ఏం జరుగుతోందో ఒక్క ముక్క అర్థం కాలేదు. గునపం కింద పెట్టి, సెల్ టవరు వైపు చెయ్యి చూపించి, "అదేగా అక్కా పాత ట్యాంకు చోటు. మీరు బందరులో ఉన్నప్పుడు మార్చారు" అన్నాడు.

అమ్మ సెల్ టవరు చూసింది. ట్యాంకు చూసింది. గుడి శిఖరం చూసింది. మెల్లిగా కిందికి దిగబడి ఇసకలో కూర్చుంది. చెంబు మీద మూత సరిచేసింది. నేను పక్కన కూర్చుందామని వంగితే చేత్తో వద్దంది. మావయ్య బీడీ తీసి, వెలిగించకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఇన్నేళ్లూ నేనెవరి బిడ్డకే పాలు పోసింది?" అంది.

ఫోను తీసి, "అసలు చోటు నేను గీసి ఉంచానమ్మా, ఇదుగో, ఇటు నడిస్తే..." అన్నాను.

"ఆ ఫోను లోపల పెట్టు." ఆవిడ గొంతు గట్టిగానే ఉంది. చెయ్యిచ్చి లేపమంది. లేచి చీర దులుపుకుంది. "తమ్ముడూ, పాత ట్యాంకు కాళ్లెక్కడుండేయో నీకు తెలుసుగా? వాల్వు తిప్పినోడివి."

"కళ్లు మూసుకుని చెప్తానక్కా."

"ఈ వైపు కాళ్లు రెండున్నాయే, ఒకదాని దగ్గర నువ్వు నిలబడు. రెండో దాని దగ్గర దీన్ని నిలబెట్టు. కదలొద్దు. చేతులు పైకెత్తండి."

మేమిద్దరం నడుచుకుంటూ సెల్ టవరు దగ్గరికి పోయాం. కంచెకి ఇవతల మావయ్య కాలితో నేల తన్ని చూశాడు. పాత సిమెంటు పెళ్ల తగిలింది. "ఇక్కడ నువ్వు అమ్మాయ్" అన్నాడు. తను ఐదారు అంగలు కొలుచుకుని అవతల నిలబడ్డాడు. ఇద్దరం చేతులు పైకెత్తాం. పాలు పోసి వస్తున్న ఆడవాళ్లు రోడ్డు మీద ఆగి మమ్మల్ని చూసి నవ్వారు. ఏం మొక్కు అని ఒకావిడ అడిగింది. ట్యాంకు కాళ్లం అని ఎలా చెప్పను? చేతులు లాగేస్తున్నాయి, దించలేదు.

అంత దూరంలో అమ్మ చిన్నగా కనిపించింది. గుడి నా వీపు వెనక ఎక్కడో ఉంది. ఆవిడ గట్టు వెంబడి నడిచింది. ఆగింది. లైటుహౌసు వైపు తిరిగింది, మా వైపు తిరిగింది. మళ్లీ నడిచింది. నేను ఫొటోలో గీసిన చోటు నాకు తెలుసు, తుమ్మచెట్టు దగ్గర. ఆగు అని అరవబోయి ఆపుకున్నాను. ఆవిడ తుమ్మచెట్టు చేరింది. ఒక అడుగు ముందుకి. అరడుగు వెనక్కి. అక్కడ కూర్చుండిపోయింది. ముందు కొంగు నోటికి పెట్టుకుంది, తర్వాత రెండు చేతులూ ఇసకలో పెట్టింది.

మేం వెళ్లేసరికి ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. అయినా మావయ్యని చూసి, "లోతుగా తవ్వకు తమ్ముడూ, పైపైన తవ్వు" అంది. రాయి నిలబెట్టాం. చేప వంకరగా ఉందని రెండుసార్లు తీయించి పెట్టించింది. పాలు పోసింది. పేరు పెట్టి పిలిచింది అక్కని. ఆ పేరు ఆవిడ నోట అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. వెనక గుడి గంట మోగుతోంది. నా కోపం ఎటుపోయిందో, చేప మీద ఇసక నేనే తుడిచాను.

అయిపోయిందనుకుని చెంబు అందుకున్నాను. బరువుగా ఉంది. సగం పాలు అలాగే ఉన్నాయి.

"పొయ్యలేదేమే అన్నీ?"

"అవి అక్కడికి" అంది, మేం పొద్దున మొదట ఆగిన చోటు వైపు చూస్తూ.

"అక్కడెవరున్నారో మనకేం తెలుసమ్మా? అసలు ఎవరైనా ఉన్నారో లేదో."

"ఆ యేడు ఈ గట్టు నిండా పిల్లలేనే. ఎవరో ఒకరి బిడ్డ ఉండే ఉంటుంది. అలవాటు చేశాను కదా ఇన్నేళ్లు. ఈ యేడు మానేస్తే ఎదురుచూడదూ?" తుమ్మచెట్టు మొదలు పట్టుకుని లేవబోయి, మళ్లీ కూలబడింది. "నాకింక మోకాళ్లు వంగవు. నువ్వు పోయి పొయ్యి."

చెంబు పట్టుకుని వెళ్లాను. ఇసకంతా ఒకేలా ఉంది. పొద్దుటి మా అడుగులు మేకలు తొక్కేశాయి. ఎక్కడో తోచక వెనక్కి తిరిగి, "ఎక్కడమ్మా?" అని కేక వేశాను.

"గుర్తు చూసుకోవే! కొత్త ట్యాంకు! కాళ్ల మధ్య నుంచి!" అని అరిచింది.

ఒక కన్ను మూసుకున్నాను. లైటుహౌసు షెల్టరు మూలకి ఆనింది. ఒక అడుగు ముందుకేశాను. ఎక్కువైంది. అరడుగు వెనక్కి వేశాను. కొత్త ట్యాంకు కాళ్ల మధ్యకి గుడి శిఖరం వచ్చి నిలబడింది. అక్కడ వంగి పాలు పోశాను.